ఇంజన్ మారిస్తే బండిలో ఇంకా ఏమేం మారాలి?

పాత బండికి వేరే ఇంజన్ వేస్తే అది కొత్త బండి అవుతుందా? లారీ షెడ్డుల దగ్గర, ఆటో స్టాండుల దగ్గర ఈ మాట తరచుగా వినిపిస్తుంది. ఒకప్పుడు మన దగ్గర పెట్రోల్ అంబాసిడర్లకు, జీపులకు డీజిల్ ఇంజన్లు వేయించుకునేవారు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే ఆ కథలు చెబుతారు. అమెరికాలో అయితే పాత పికప్ ట్రక్కుకు వేరే ఇంజన్ వేయడం ఇప్పటికీ పెద్ద సరదా. వేలమంది తమ ఇంటి షెడ్డుల్లోనే ఆ పని చేసుకుంటారు. దాన్ని వాళ్లు 'ఇంజన్ స్వాప్' అంటారు.

హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఇంజన్ గోల ఎందుకని తమ్ముళ్లు, చెల్లెళ్లు అనుకోవచ్చు. దానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, పదో తరగతిలో మనం బట్టీపట్టిన లెక్కలు, ఫిజిక్సు నిజంగా ఎక్కడ పనికొస్తాయో ఈ ఒక్క పనిలో స్పష్టంగా కనిపిస్తుంది. రెండోది, మన హాస్టల్ పిల్లల్లో చాలామంది ఇళ్లలో బండే బతుకుదెరువు. నాన్న డ్రైవరో, మామ మెకానిక్కో, అన్న ట్రాలీ ఆటో ఓనరో అయి ఉంటారు. ఇంజన్ విషయంలో తెలియక చేసిన పని ఆ బతుకుదెరువునే ఆపేయగలదు. అందుకే రాస్తున్నాను.

1. ఉదాహరణగా ఒక బండి

మాటలు గాలిలో పోకుండా ఒక నిజమైన బండిని తీసుకుందాం. అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ 1967 నుంచి 1972 వరకు ఒకే రూపంలో తయారుచేసిన షెవర్లే సి-10 పికప్ అది. ముందు క్యాబిన్, వెనుక సామాన్ల తొట్టి ఉంటాయి. అందులో చాలా బండ్లకు 4.1 లీటర్ల, ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్ వచ్చేది. దాని శక్తి 155 హార్స్ పవర్ అని కంపెనీ చెప్పింది.

ఆ ఇంజన్ అరిగిపోయాక అమెరికా మెకానిక్కులు ఎక్కువగా రెండు దారుల్లో ఒకటి ఎంచుకుంటారు.

మొదటి దారి పెట్రోల్. అదే కంపెనీ 1999 నుంచి తన పికప్‌లలో వాడిన 5.3 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌ను పాత సామాను యార్డు నుంచి తెచ్చుకుంటారు.

రెండో దారి డీజిల్. కమిన్స్ కంపెనీ 'బి' సిరీస్‌లోని 3.9 లీటర్ల, నాలుగు సిలిండర్ల ఇంజన్. దీన్ని 4బి.టి. అంటారు. అక్కడ రొట్టెలు, చిప్స్ పంచే డెలివరీ వ్యాన్లలో ఇది ఉండేది. ఈ ఇంజన్ కుటుంబం మనకు కొత్తది కాదు. 1993లో టాటా, కమిన్స్ కలిసి జంషెడ్‌పూర్‌లో పెట్టిన కంపెనీలో తయారైంది ఈ 'బి' సిరీసే. మన రోడ్ల మీద తిరిగిన ఎన్నో టాటా లారీల్లో ఉన్నది దీని పెద్దన్న, ఆరు సిలిండర్ల ఇంజన్.

2. లీటర్లంటే ఏమిటి?

పెట్రోలు ట్యాంకు లీటర్లు వేరు, ఇంజన్ లీటర్లు వేరు. పిస్టన్ కింది నుంచి పైకి వెళ్లేటప్పుడు ఎంత చోటు ఊడ్చుకుపోతుందో అదే ఇంజన్ సైజు. ఇది మన క్షేత్రమితి పాఠంలోని స్తూపం ఘనపరిమాణమే.

4బి.టి. ఇంజన్ బోరు 102 మిల్లీమీటర్లు, స్ట్రోకు 120 మిల్లీమీటర్లు. అంటే వ్యాసార్థం 5.1 సెంటీమీటర్లు, ఎత్తు 12 సెంటీమీటర్లు. 3.1416 × 5.1 × 5.1 × 12 చేస్తే సుమారు 980 ఘన సెంటీమీటర్లు వస్తుంది. అలాంటి సిలిండర్లు నాలుగు కాబట్టి సుమారు 3,920. అదే 3.9 లీటర్లు. లారీలోని పెద్దన్నకు అవే సిలిండర్లు ఆరు కాబట్టి 5.9 లీటర్లు.

5.3 లీటర్ల పెట్రోల్ ఇంజన్‌కు బోరు 96, స్ట్రోకు 92 మిల్లీమీటర్లు, సిలిండర్లు ఎనిమిది. ఈ లెక్క మీరే చేసి చూడండి.

ఈ అంకెల్లో ఒక సంగతి దాగి ఉంది. డీజిల్ ఇంజన్‌కు స్ట్రోకు బోరు కన్నా పొడవు. పెట్రోల్ ఇంజన్‌కు స్ట్రోకు బోరు కన్నా పొట్టి. పొడవు స్ట్రోకు, బరువైన పిస్టన్లు ఉన్న ఇంజన్ నిదానంగా, బలంగా తిరుగుతుంది. పొట్టి స్ట్రోకు ఇంజన్ వేగంగా తిరగగలదు. ముందు ముందు వచ్చే ఇబ్బందులకు మూలం ఇక్కడే ఉంది.

3. హార్స్ పవర్ చూసి మోసపోవద్దు

5.3 లీటర్ల ఇంజన్ 2000 సంవత్సరం నాటికి 285 హార్స్ పవర్ ఇచ్చేది. 4బి.టి. సాధారణంగా 105 హార్స్ పవర్ ఇస్తుంది. పాత ఇంజన్‌కే 155 ఉంది కదా, మరి 105 ఉన్న డీజిల్ ఇంజన్ ఎవరైనా ఎందుకు వేసుకుంటారు?

మొదట, 155 అనే అంకెను కొంచెం అనుమానంగా చూడాలి. 1971 వరకు అమెరికా కంపెనీలు ఫ్యాను, డైనమో, సైలెన్సర్ వంటివి తగిలించకుండా ఇంజన్‌ను ఒంటరిగా నడిపి కొలిచిన శక్తినే ప్రకటించేవి. 1972 మోడళ్ల నుంచి అన్నీ తగిలించి కొలవడం మొదలైంది. కాబట్టి పాత అంకెనూ కొత్త అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

రెండోది, టార్క్. బోల్టు విప్పేటప్పుడు పానా మీద మనం వేసే తిప్పుడు బలమే టార్క్. హార్స్ పవర్ అంటే ఆ బలం ఎంత వేగంగా పనిచేస్తోందో చెప్పే లెక్క. టార్క్‌ను న్యూటన్ మీటర్లలో తీసుకుని, నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి, 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు.

4బి.టి. నిమిషానికి 1,600 చుట్ల దగ్గరే సుమారు 359 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. లెక్క కడితే అది 60 కిలోవాట్లు, అంటే సుమారు 81 హార్స్ పవర్. ఇంజన్ ఇంకా నిదానంగా తిరుగుతుండగానే తన శక్తిలో మూడు వంతులకు పైగా చేతికి ఇచ్చేసిందన్నమాట. 5.3 లీటర్ల ఇంజన్ టార్క్ ఎక్కువే, సుమారు 440 న్యూటన్ మీటర్లు. కాని అది అందాలంటే 4,000 చుట్ల దాకా తిప్పాలి. లోడుతో గట్టు ఎక్కే బండికి ఒకటి నచ్చుతుంది, ఖాళీగా హైవే మీద పరుగెత్తే బండికి ఇంకొకటి నచ్చుతుంది. బండి ఏ పని చేస్తుందో తేల్చుకోకుండా ఇంజన్ ఎంచుకోకూడదు.

4. కూర్చోబెట్టడం

పాత ఇంజన్‌ను చైన్ పుల్లీతో లేపి బయటపెట్టడం ఒక పూట పని. కొత్తదాన్ని కూర్చోబెట్టడంలోనే రోజులు గడుస్తాయి.

మొదట బరువు. పాత ఆరు సిలిండర్ల ఇంజన్ సుమారు 200 కిలోలు. 4బి.టి. సుమారు 340 కిలోలు. ముందు చక్రాల మీద ఒక్కసారిగా ఇద్దరు మనుషుల బరువు శాశ్వతంగా ఎక్కినట్టే. స్ప్రింగులు మార్చకపోతే బండి ముక్కు వంగుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, ముందు టైర్లు త్వరగా అరుగుతాయి.

తరువాత మౌంటింగులు. పాత షెవర్లే ఎనిమిది సిలిండర్ల ఇంజన్లకు ఒక్కోవైపు మూడు బోల్టులు. 5.3 ఇంజన్‌కు ఒక్కోవైపు నాలుగు. మధ్యలో ఉక్కు అడాప్టర్ ప్లేటు పెట్టి కలుపుతారు. 4బి.టి.కి అయితే మౌంటింగులు కొత్తగా చేసుకోవాల్సిందే. నాలుగు సిలిండర్ల డీజిల్ గట్టిగా వణుకుతుంది కాబట్టి రబ్బరు బుష్‌లు సరైనవి పడకపోతే క్యాబిన్‌లో కూర్చున్నవాడి పళ్లు కూడా వణుకుతాయి.

ఆ తరువాత ఆయిల్ చాంబర్. పికప్ నుంచి తీసిన 5.3 ఇంజన్ చాంబర్ లోతు ఎక్కువ. సి-10 ఛాసిస్‌లో ముందు అడ్డంగా ఉండే కమ్మీకి అది తగులుతుంది. లోతు తక్కువ చాంబర్ కొని మార్చాలి. చాంబర్‌తోపాటు ఆయిల్ పీల్చే గొట్టం కూడా మార్చాలని మరిచిపోతే కొత్త ఇంజన్ ఆయిల్ అందక పాడైపోతుంది.

చివరగా జాయింట్ షాఫ్ట్. గేర్‌బాక్స్ వెనుక అంచు, వెనుక హౌసింగ్ పినియన్ అంచు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. లేకపోతే షాఫ్ట్ రెండు చివర్ల ఉన్న క్రాస్‌లు ఒక చుట్టులోనే వేగం పెంచుతూ తగ్గిస్తూ తిరుగుతాయి, బండి అదురుతుంది, క్రాస్‌లు విరుగుతాయి. 'సమాంతర రేఖలు' పాఠం బండి కింద పడుకుని చూస్తే ఇలా ఉంటుంది.

5. క్రౌన్ లెక్క

ఇంజన్ స్వాప్‌లో ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే. ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతుందో నిర్ణయించేది డ్రైవరు ఒక్కడే కాదు. టైరు సైజు, క్రౌన్ పినియన్ నిష్పత్తి, గేరు, ఈ మూడూ కలిసి నిర్ణయిస్తాయి.

టైరు వ్యాసం 70 సెంటీమీటర్లు అనుకుందాం. చుట్టుకొలత 2.2 మీటర్లు. బండి గంటకు 96 కిలోమీటర్ల వేగంతో పోతే నిమిషానికి 1,600 మీటర్లు. 2.2తో భాగిస్తే చక్రం నిమిషానికి 727 చుట్లు తిరుగుతుంది. క్రౌన్ నిష్పత్తి 3.73 అయితే, డైరెక్ట్ టాప్ గేరులో ఇంజన్ 727 × 3.73, అంటే సుమారు 2,710 చుట్లు తిరగాలి.

5.3 పెట్రోల్ ఇంజన్‌కు ఇది మామూలు విషయం. 4బి.టి.కి మాత్రం ఇది దాదాపు దాని ఊపిరి ఆగే చోటు. రోజంతా అలా నడిపితే ఇంజన్ అరుస్తుంది, డీజిల్ తాగుతుంది, త్వరగా పోతుంది. అందుకే 0.70 నిష్పత్తి ఉన్న ఓవర్ డ్రైవ్ గేరుతో కూడిన గేర్‌బాక్స్ వేస్తారు. అప్పుడు 2,710 కాస్తా 1,900 అవుతుంది. లేదా క్రౌన్ పినియన్నే మారుస్తారు. ఈ లెక్క ఇంజన్ కొనకముందు కాగితం మీద వేస్తే పైసా ఖర్చు లేదు. బిగించాక తెలిస్తే గేర్‌బాక్స్ ఖర్చు మీద పడుతుంది.

మా నాన్న లారీ షెడ్డులో హెల్పర్‌గా చేరి మెకానిక్ అయ్యాడు. సంతకం పెట్టడం తప్ప చదువు లేదు. ఇంజన్ చప్పుడు విని ఏ నాజిల్ సరిగా కొట్టడం లేదో చెప్పేస్తాడు. ఆ చెవి నాకు ఎం.టెక్ చదివినా రాలేదు. కాని ఈ క్రౌన్ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూపించినప్పుడు, "ఇది ముందే తెలిస్తే ఎన్ని బండ్లకు రెండోసారి విప్పే పని తప్పేదిరా" అన్నాడు. చేతి విద్యకూ పుస్తకం విద్యకూ పోటీ లేదు. ఒకదానికి తెలియని చోట రెండోది తోడు నిలుస్తుంది.

6. వేడి, ఇంధనం, వైరింగ్

ఇంజన్‌లో మండిన ఇంధనంలో సుమారు మూడో వంతు మాత్రమే పనిగా మారుతుంది. మరో మూడో వంతు సైలెన్సర్ గుండా వేడిగా పోతుంది. మిగిలింది ఎక్కువగా రేడియేటర్ మోయాలి. ఇంజన్ శక్తి పెరిగితే రేడియేటర్ మోయాల్సిన వేడి కూడా పెరుగుతుంది. పాత రేడియేటర్‌తోనే సరిపెట్టుకుంటే మొదటి ఘాట్ రోడ్డు మీదే పొగ కనిపిస్తుంది.

ఇంధనం సంగతి చూద్దాం. పాత సి-10లో ఉన్నది కార్బొరేటర్. దానికి 5 నుంచి 7 పి.ఎస్.ఐ. పీడనం చాలు. 5.3 ఇంజన్‌ది ఇంజెక్షన్ పద్ధతి, దానికి సుమారు 58 పి.ఎస్.ఐ. కావాలి. దాదాపు పది రెట్లు. పాత పంపు, పాత రబ్బరు పైపులు, పాత క్లిప్పులు ఉంచేస్తే పైపు ఊడి వేడి సైలెన్సర్ మీద పెట్రోలు చిమ్ముతుంది. బండ్లు తగలబడటానికి ఇదొక కారణం.

వైరింగ్ కూడా అంతే. 5.3 ఇంజన్‌కు ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. క్రాంక్ ఎక్కడుందో, నీళ్లు ఎంత వేడెక్కాయో, పొగలో ఆక్సిజన్ ఎంతుందో సెన్సర్లు దానికి చెబితేనే అది పెట్రోలు వదులుతుంది. పైగా దొంగతనం జరగకుండా పెట్టిన ఏర్పాటు వల్ల, తనతో పుట్టిన తాళం కనబడకపోతే ఇంజన్ స్టార్ట్ కానివ్వదు. కాబట్టి కంప్యూటర్‌ను కొత్త బండికి తగ్గట్టు మళ్లీ సరిచేయించాలి. పాత 4బి.టి.కి ఈ బాధ లేదు. దాని డీజిల్ పంపు పూర్తిగా మెకానికల్. సెల్ఫ్ తిప్పి, పంపు తెరిచే తీగకు కరెంటు ఇస్తే చాలు. రెంచి పట్టే మెకానిక్కులకు అదంటే ఇష్టం ఉండటానికి కారణం ఇదే.

7. ఆపగలిగితేనే నడపాలి

1971కి ముందు వచ్చిన సి-10లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. 1971 నుంచి ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వచ్చాయి. చలన శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని మనం చదువుకున్నాం. వేగం రెట్టింపైతే బ్రేకు ఆపాల్సిన శక్తి నాలుగింతలు. ఇంజన్ శక్తి పెంచి బ్రేకులు అలాగే ఉంచడం ప్రాణాంతకం.

డీజిల్ వేసినప్పుడు ఇంకో చిక్కుంది. పెట్రోల్ ఇంజన్ గాలి పీల్చే దారిలో థ్రాటిల్ మూత ఉండటం వల్ల అక్కడ శూన్యం ఏర్పడుతుంది. బ్రేకు బూస్టర్ ఆ శూన్యాన్ని వాడుకునే మన కాలి బలాన్ని పెంచుతుంది. 4బి.టి. వంటి డీజిల్ ఇంజన్‌కు ఆ మూత లేదు, కాబట్టి శూన్యమూ లేదు. విడిగా వ్యాక్యూమ్ పంపు పెట్టకపోతే బూస్టర్ ఉన్నా లేనట్టే. పెడల్ రాయిలా గట్టిపడుతుంది. బండి చక్కగా స్టార్ట్ అవుతుంది, చక్కగా కదులుతుంది, ఆగాల్సిన చోట ఆగదు.

8. ఆర్.సి. కూడా బండిలో భాగమే

అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. కాలిఫోర్నియాలో పొగ పరీక్ష వర్తించే బండికి వేసే ఇంజన్ ఆ బండి తయారైన సంవత్సరానిదో, దాని తరువాతదో అయి ఉండాలి. పొగను అదుపుచేసే పరికరాలన్నీ దానితోపాటు రావాలి.

మన దేశంలో నియమం ఇంకా గట్టిది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్.సి.లో ఉన్న వివరాలు తయారీ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట స్పష్టం చేసింది. సి.ఎన్.జి., ఎల్.పి.జి., బ్యాటరీ వంటి వాటికి ఆమోదం పొందిన కిట్లతో మార్చుకోవడానికి చట్టంలో దారి ఉంది. అనుమతితో మార్పు చేశాక 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలి. హైర్ పర్చేజ్ మీద ఉన్న బండికి రిజిస్టర్డ్ ఓనరు రాతపూర్వక సమ్మతి లేకుండా మార్పులు చేయకూడదు. కాబట్టి సి-10 కథ చదివి మన పికప్‌కు వేరే కంపెనీ ఇంజన్ వేద్దామని ఎవరూ అనుకోవద్దు.

మా కాలనీలో ఒకాయన సెకండ్ హ్యాండ్ పికప్ కొన్నాడు. బండి నడిపి చూశాడు, టైర్లు చూశాడు, తొట్టి చూశాడు. ఫిట్‌నెస్‌కు తీసుకెళ్తే ఇంజన్ మీద చెక్కిన నంబరూ ఆర్.సి.లోని నంబరూ వేరని తేలింది. పాత ఓనరు ఎప్పుడో ఇంజన్ మార్చి, ఎక్కడా రాయించలేదు. బండి నెలల తరబడి ఇంటి ముందు ఆగిపోయింది. ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఒక్క నెల కూడా ఆగలేదు. ఆ ఏడాది వాళ్ల అమ్మాయి ఇంటర్ చదువు ఆగింది. ప్రమాదం జరిగి ఉంటే ఇన్సూరెన్స్ దగ్గర కూడా ఇదే చిక్కు వచ్చేది.

అందుకే మీ ఇంట్లోవాళ్లు పాత బండి కొనేటప్పుడు మీరూ వెంట వెళ్లండి. ఆర్.సి. చేతిలో పట్టుకుని బానెట్ తెరిపించండి. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఒక్కో అంకె చదివి సరిపోల్చండి. అంకెల మీద దెబ్బలున్నా, గీకినట్టున్నా అడ్వాన్సు ఇవ్వనివ్వకండి. చదువు రాని తల్లిదండ్రులకు చదువుకున్న బిడ్డ చేయగల పెద్ద సాయం ఇది. దీనికి డిగ్రీ అక్కర్లేదు, ఏడో తరగతి చాలు.

9. రాబోయే రోజులు

ఇప్పుడు ఇంజన్ తీసేసి కరెంటు మోటారు పెట్టడం కూడా వచ్చింది. 2021లో ఫోర్డ్ కంపెనీ తన 1978 నాటి ఎఫ్-100 పికప్‌లో రెండు ఎలక్ట్రిక్ మోటార్లు అమర్చి 480 హార్స్ పవర్‌తో ప్రదర్శనకు పెట్టింది. మన దేశంలోనూ ఎలక్ట్రిక్ కిట్లకు ప్రమాణాలున్నాయి. పుణెలోని ఎ.ఆర్.ఎ.ఐ. వంటి సంస్థల పరీక్షలో నెగ్గిన కిట్‌నే, అధీకృత కేంద్రంలోనే బిగించాలి.

మోటారు వచ్చినా లెక్కలు పోవు. బ్యాటరీ బరువు ఏ చక్రం మీద పడుతుంది, వేడి ఎటు పోతుంది, బ్రేకు చాలుతుందా, ఆర్.సి.లో రాయించామా, ఇవన్నీ మళ్లీ అడగాల్సిన ప్రశ్నలే. ఒక భాగం మారితే దాని చుట్టూ ఉన్న ప్రతి భాగాన్నీ మళ్లీ లెక్క చూసుకోవాలన్నదే ఈ విద్యలో మొదటి పాఠం.

ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ వైపు వెళ్లాలనుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మెకానిక్ పని చిన్నదని ఎవరైనా అంటే నమ్మకండి. మీ ఇంట్లో ఆ పని చేసేవాళ్లుంటే సెలవుల్లో పక్కన నిలబడి చూడండి, ప్రశ్నలు అడగండి. మీకు తెలిసిన లెక్క వాళ్లకు చెప్పండి, వాళ్లకు తెలిసిన పని మీరు నేర్చుకోండి. మన హాస్టల్ నుంచి మంచి ఇంజనీర్లు, మంచి మెకానిక్కులు చాలామంది రావాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.

- ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.టెక్ (మెకానికల్)